ఇటాలియన్ ‘ఆర్తికొలాత్సియోనె’: కీలా, ఉచ్చారణా, విభాగమా?

పదసేతువు

సభ్యులందరికీ నమస్కారం. ఇటలీలో ఒక పునరావాస చికిత్సా కేంద్రం రోగుల చేతికిచ్చే చిన్న పుస్తకాన్ని, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం మన భాషలోకి తెస్తున్నాను. పని సాఫీగానే సాగుతోంది గానీ ‘ఆర్తికొలాత్సియోనె’ అనే ఒక్క మాట దగ్గర కలం ఆగిపోతోంది. మోకాలి శస్త్రచికిత్స గురించి చెప్పే పుటల్లో అది కీలు. పక్షవాతం వచ్చినవారికి మాట సాధన చేయించే పుటల్లో అది ధ్వనుల ఉచ్చారణ. ఇక మొదటి పుటలోనే, మొత్తం చికిత్స ఏయే దశలుగా ఉంటుందో చెప్పే శీర్షికలోనూ అదే మాట ఉంది.

ఇటాలియన్ పాఠకుడికి ఈ మూడు చోట్లా ఒకే మాట వినిపిస్తుంది. తెలుగులోనూ అలా ఒకే మాటతో నడిపించే వీలుందా, లేక సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలు వాడి ఆ చుట్టరికాన్ని వదులుకోవలసిందేనా? వైద్యం, భాషాశాస్త్రం, న్యాయం, యంత్రాలు తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు కనుక అడుగుతున్నాను.

శల్యవైద్య

శరీరం విషయంలో సందేహం అక్కర్లేదు, ‘కీలు’ అనండి. ‘కీళ్ళ నొప్పులు’ అనని తెలుగు ఇల్లు లేదు. ఇటాలియన్‌లోనూ రోగి తన ‘ఆర్తికొలాత్సియోని’ నొప్పిగా ఉన్నాయనే చెబుతాడు; అది బహువచన రూపం. ‘సంధులు’ అని రాస్తే పుస్తకం పండితుడికి నచ్చుతుంది గానీ, మోకాలికి కట్టు కట్టుకుని మంచం మీద ఉన్న పెద్దావిడ ఆగి ఆలోచించవలసి వస్తుంది.

ఆ మాట చుట్టూ ఉన్న జంట పదాల్లో మాత్రం జాగ్రత్త అవసరం. మీ పుస్తకంలో ‘ఎస్కుర్సియోనె ఆర్తికొలారె’ అని తప్పకుండా వస్తుంది. ‘ఎస్కుర్సియోనె’ అంటే మామూలుగా కొండలకో అడవికో వెళ్ళే విహారయాత్ర. ఇక్కడ కీలు ఎంత మేర వంగి చాచుకోగలదో ఆ పరిధి. మోకాలి విషయంలో దీన్ని డిగ్రీల్లో కొలుస్తాం. కుర్చీలో కూర్చోవడానికి సుమారు 90 డిగ్రీల వంపు చాలు, గొంతుక్కూర్చోవాలంటే 130 దాటాలి. కుర్చీలకూ ఎత్తు మరుగుదొడ్లకూ అలవాటుపడిన సమాజంలో రాసిన పుస్తకం కనుక, నేలమీద కూర్చుని పూజ చేసుకునే మన పెద్దలకు ఈ పరిధి ఎందుకు ముఖ్యమో అనువాదంలో ఒక వాక్యం చేరిస్తే మేలు చేసినవారవుతారు.

ఇంకో విషయం. మనం ‘ఆర్థరైటిస్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఇటాలియన్ వైద్యులు రెండు మాటలు వాడతారు. వాపు, మంట ప్రధానంగా ఉన్న జబ్బు ‘ఆర్త్రీతె’, మృదులాస్థి అరిగిపోవడం వల్ల వచ్చేది ‘ఆర్త్రోజి’. రెండింటినీ ‘కీళ్ళవాతం’ అని రాయకండి. రెండోదానికి ‘కీళ్ళ అరుగుదల’ అని ప్రజలు వాడే మాటే ఉంది. వీటి చికిత్సలు వేరు, తీసుకోవలసిన జాగ్రత్తలు వేరు.

పర్వపాఠి

పదసేతువు గారి ప్రశ్నలో రెండో భాగం నాకు ముఖ్యమనిపిస్తోంది. ఆ చుట్టరికాన్ని వదులుకోనక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకంటే సరిగ్గా అలాంటి మాట మనకు ‘సంధి’ రూపంలో ఉంది.

ఇటాలియన్ మాటకు మూలం లాటిన్ ‘ఆర్తికులుస్’. కీలు, అవయవం అనే అర్థాలున్న ‘ఆర్తుస్’ అనే మాటకు అది చిన్నతనాన్ని సూచించే రూపం, అంటే ‘చిన్న కీలు’. ఆ చిన్న కీలు నుంచే శరీరంలోని కీలు, మాటలోని స్పష్టత, చట్టంలోని అధికరణం, పత్రికలోని వ్యాసం, వ్యాకరణంలో నామవాచకం ముందు వచ్చే ఉపపదం (ఇంగ్లీషు ‘ది’ వంటిది) పుట్టాయి. చివరిదాని వెనుక గ్రీకు ఉంది. గ్రీకు వ్యాకర్తలు ఉపపదాన్ని ‘ఆర్థ్రోన్’, అంటే కీలు, అన్నారు. రోమన్లు దాన్ని తమ భాషలోని కీలుతో అనువదించుకున్నారు.

‘సంధి’ వ్యాప్తి కూడా ఇంచుమించు ఇంతే. సుశ్రుతుడు శరీరంలో 210 సంధులు చెప్పి, వాటిని కదిలేవి, కదలనివి అని రెండుగా విడదీశాడు. ఆకారాన్ని బట్టి చేసిన ఎనిమిది రకాల్లో ‘ఉలూఖలం’, అంటే రోలు, ఒకటి. చంకలోనూ గజ్జలోనూ ఉన్న కీళ్ళతో పాటు దంతాలు చిగుళ్ళలో నాటుకున్న చోటునూ అందులో చేర్చాడు. వ్యాకరణంలో సంధి ఉంది, రాజనీతిలో సంధి ఉంది, నాటకానికి పంచసంధులున్నాయి. కాలానికీ సంధి ఉంది: లాటిన్‌లో ‘ఇన్ ఆర్తికులో మోర్తిస్’ అంటే మరణ ఘడియలో అని అర్థం, ఇటలీలో చర్చి, న్యాయశాస్త్రం ఈనాటికీ ఆ పదబంధాన్ని అలాగే వాడతాయి. ‘కీలు’ అనే మాటను కాలానికి వర్తింపజేసే ఆ ఊహ మన ‘యుగసంధి’, ‘వయస్సంధి’ అనే మాటల్లో లేదా? అందువల్ల పుస్తకమంతటా ‘సంధి’ని ఆధారంగా చేసుకోమని నా సూచన.

తాలవ్య

పర్వపాఠి గారి సమాచారం విలువైనది, గౌరవంతోనే విభేదిస్తున్నాను. మాట దగ్గరికి వచ్చేసరికి ‘సంధి’ మనల్ని ఎదురు దిక్కుకు తీసుకుపోతుంది.

నేను విద్యార్థులకు ధ్వనిశాస్త్రం చెబుతాను. ‘ఆర్తికొలారె బెనె లె పరోలె’ అని ఇటలీలో రంగస్థల గురువు శిష్యుణ్ణి హెచ్చరిస్తే, ప్రతి ధ్వనినీ దాని చోట నిలిపి విడివిడిగా వినిపించమని అర్థం. సంధిలో జరిగేది దానికి విరుద్ధం. ‘వాడు’, ‘ఎవడు’ కలిసి ‘వాడెవడు’ అయినప్పుడు మొదటి మాట చివరి ఉకారం కనబడకుండా పోతుంది. ఒకటి హద్దును చూపించడం, మరొకటి హద్దును చెరపడం. పక్షవాతంతో మాట ముద్దయిపోయిన మనిషికి ‘సంధి సాధన చేయండి’ అని రాస్తే, ఆయనకు ఇప్పటికే ఉన్న ఇబ్బందినే సాధన చేయమన్నట్టు అవుతుంది.

ఈ అర్థానికి మనకు తయారుగా ఉన్న పదజాలం సంస్కృత శిక్షాశాస్త్రం, అంటే ఉచ్చారణ శాస్త్రం, నుంచి వచ్చింది. ఇటాలియన్ పుస్తకాల్లో ‘లువోగో ది ఆర్తికొలాత్సియోనె’ అంటే ఉచ్చారణ స్థానం, ‘మోదో ది ఆర్తికొలాత్సియోనె’ అంటే ఉచ్చారణ ప్రయత్నం. కంఠ్య, తాలవ్య, మూర్ధన్య, దంత్య, ఓష్ఠ్యాలన్న వరుస బడిలో చదువుకున్న ప్రతివారికీ తెలిసినదే కనుక ఇక్కడ కొత్త మాటలు కల్పించవలసిన పని లేదు.

మనం చర్చిస్తున్న మాటనే నోటితో పలికి చూడండి. అందులోని ‘త’ దంతాలకు నాలుక ఆనిస్తే పుట్టేది, మన ‘తల’లోని త. ఇంగ్లీషు మాటలను ‘ట’తో రాసే అలవాటు కొద్దీ చాలామంది ఇటాలియన్ పేర్లనూ ‘ట’తో రాస్తారు; నాలుక కొస పైకి మడిచి పలికే ఆ మూర్ధన్యం ప్రామాణిక ఇటాలియన్‌లో లేదు. చివర ఉన్న ‘త్స’ కూడా మనకు పరాయిది కాదు. ‘చాప’, ‘చలి’ అన్నప్పుడు మనం పలికే దంత్య చకారానికి అది చాలా దగ్గర. ‘జాలి’లోని దంత్య జకారాన్ని పోలినది ఇటాలియన్ ‘ద్జేరో’ మొదట్లో వినిపిస్తుంది, అంటే సున్న. ఒత్తు విషయంలోనూ మన చెవి అక్కడ ఇబ్బంది పడదు. ‘నోనో’ తొమ్మిదవది, ‘నొన్నో’ తాతయ్య; ‘కల’కూ ‘కల్ల’కూ తేడా తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. మీ పుస్తకంలో మాట సాధన కోసం ఇచ్చిన ఇటాలియన్ పదాల జాబితా ఉంటే, దాన్ని అనువదించకుండా, అవే ధ్వనులున్న తెలుగు పదాలతో కొత్త జాబితా తయారుచేయండి. రోగి తన సొంత భాషలో సాధన చేస్తేనే ప్రయోజనం.

శల్యవైద్య

తాలవ్య గారి మాటకు వైద్యం వైపు నుంచి ఒక చేర్పు. పక్షవాతం తర్వాత మాట ముద్దగా రావడాన్ని ఇటాలియన్‌లో ‘దిజార్త్రీయా’ అంటారు. ‘ఆర్త్రీతె’లో ఉన్న గ్రీకు కీలే ఇందులోనూ ఉంది. మోకాలి వాపు, నాలుక తడబాటు ఒకే మూలం నుంచి పేర్లు తెచ్చుకున్నాయి.

అనువాదంలో దీన్ని ‘అఫాజీయా’తో కలపవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. దిజార్త్రీయా ఉన్న మనిషికి ఏ మాట అనాలో తెలుసు, వాక్యం మనసులో సక్రమంగానే తయారవుతుంది. పెదవులను, నాలుకను, అంగిటిని, ఊపిరిని నడిపే నరాల అదుపు దెబ్బతినడం వల్ల ధ్వని స్పష్టంగా రాదు. అఫాజీయాలో దెబ్బతినేది భాషే: మాట దొరకదు, ఒక మాటకు బదులు మరో మాట వస్తుంది, కొందరికి ఎదుటివారు చెప్పింది అర్థం కాదు. రెండింటికీ ‘మాట పడిపోయింది’ అనే మన ఇళ్ళలో అంటారు. అలా అన్నప్పుడు కుటుంబం వారు దిజార్త్రీయా రోగితో చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడటం, ఆయన ముందే ఆయన సంగతులు నిర్ణయించడం చూస్తుంటాను. ఆయనకు అన్నీ అర్థమవుతాయి. ఈ సంగతి పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

రెండు అర్థాలూ ఒకే చోట కలిసే కీలు కూడా ఒకటుంది. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదులుతూ తగిలే దవడ కీలు అది. అది బిగుసుకుంటే నోరు చాలినంత తెరుచుకోదు, మాట స్పష్టతా తగ్గుతుంది. అలాంటి వాక్యంలో ఇటాలియన్ రచయిత ఆ మాటను రెండు అర్థాల్లో వాడి ఉండవచ్చు, చూసుకోండి.

తోరీనోవాసి

నేను ఇక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. యంత్రాల వైపు సంగతి చెబుతాను, పదసేతువు గారి పుస్తకంలో నడక పరికరాలు, కృత్రిమ కాళ్ళ ప్రస్తావన ఉంటే పనికొస్తుంది.

యంత్రం గురించి మాట్లాడేటప్పుడు ఇటాలియన్లు ‘ఆర్తికొలాత్సియోనె’ వాడతారు గానీ, దాని చుట్టూ మరికొన్ని మాటలు పని పంచుకుంటాయి. రెండు ఇరుసులను కలిపేది ‘జున్తో’. తలుపు మడతబందు ‘చెర్నియేరా’. బట్టల జిప్పుకూ అదే మాట. అన్ని వైపులకూ తిరిగే కీలు ‘స్నోదో’. ఈ చివరి మాట నాకు ఇష్టం, ఎందుకంటే ‘నోదో’ అంటే ముడి, ‘స్నోదారె’ అంటే ముడి విప్పడం. శరీరపు కీలును కలిసిన చోటుగా చూసే భాషే, యంత్రపు కీలును ముడి వదులైన చోటుగా చూస్తోంది. రైలు మార్గాలు కలిసి చీలే బొలోన్యా వంటి కూడలినీ ‘స్నోదో’ అనే అంటారు.

రోడ్డు మీద ప్రతిరోజూ కనబడే మాట ‘అవుతోఆర్తికొలాతో’. ముందు ఇంజను బండి, దాని వీపు మీద ముందు భాగం ఆన్చుకుని నడిచే ట్రెయిలరు. మన దగ్గర ట్రెయిలర్ లారీ అంటాం. ఇటలీలో చట్టప్రకారం ఇలాంటి అయిదు ఇరుసుల బండి సరుకుతో కలిపి 44 టన్నుల వరకు ఉండవచ్చు. లారీకి వెనుక వేరే బండిని కొక్కెంతో తగిలిస్తే అది ‘అవుతోత్రేనో’ అవుతుంది, ‘ఆర్తికొలాతో’ కాదు. మధ్యలో వంగే పొడవాటి సిటీ బస్సు పేరులో మాత్రం స్నోదో చేరి ‘అవుతోస్నోదాతో’ అయింది.

జున్తోలలో ప్రసిద్ధమైనది జెరోలమో కర్దానో పేరు మోస్తున్నది, మన మెకానిక్కులు యూనివర్సల్ జాయింట్ అనేది. 1501లో పావియాలో పుట్టి 1576లో రోమ్‌లో మరణించిన కర్దానో వృత్తిరీత్యా వైద్యుడు, గణితంలోనూ గొప్పవాడు. బయటి చట్రం ఎంత ఊగినా లోపలి వస్తువు నిలకడగా ఉండేట్టు వలయాల్లో వేలాడదీసే ఏర్పాటును ఆయన వర్ణించాడు. ఆ ఏర్పాటు ఆయనకు చాలా ముందునుంచే ఉంది. ఈ కీలుకు ఒక లోపముంది. వంపులో తిరిగేటప్పుడు మొదటి ఇరుసు ఒకే వేగంతో తిరిగినా రెండోది ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు మందగిస్తుంది. అందుకే లారీ కింద ఆ పొడవాటి ఇరుసుకు రెండు చివర్లా రెండు కీళ్ళు పెట్టి, ఒకదాని హెచ్చుతగ్గులను రెండోదానితో సరిచేస్తారు. ఇలాంటి చోట ‘కీలు’ అనే మాట చక్కగా సరిపోతుంది. మోకాలికీ లారీకీ ఒకే మాట వాడటంలో తెలుగు, ఇటాలియన్ ఒకదాని పక్కన ఒకటి నడుస్తున్నాయి కదా.

న్యాయపథం

కాగితాల ప్రపంచంలో ఈ మాట కుటుంబం ఇంకా పెద్దది, అక్కడ తప్పులు జరిగితే నష్టమూ ఎక్కువే.

1948 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగాన్ని 139 ‘ఆర్తికొలీ’గా, అంటే అధికరణాలుగా, రాశారు. 72వ అధికరణం ప్రకారం ప్రతి బిల్లునూ ముందు కమిటీ, తర్వాత సభ పరిశీలించాలి. సభ దాన్ని అధికరణం తర్వాత అధికరణంగా ఆమోదించి, చివర మొత్తం మీద ఓటు వేయాలి. ఈ అధికరణాలన్నిటినీ కలిపి ‘ఆర్తికొలాతో’ అంటారు. బిల్లు వెనుక ఉద్దేశాలు చెప్పే నివేదిక వేరు, చట్టంగా మారే ‘ఆర్తికొలాతో’ వేరు. మనకు రాజ్యాంగంలో అధికరణాలు, మామూలు చట్టాల్లో సెక్షన్లు ఉంటాయి. ఇటలీలో రెండింటికీ ఆర్తికొలోనే. ‘శిక్షాస్మృతిలోని ఫలానా ఆర్తికొలో’ అని వస్తే తెలుగు పాఠకుడికి ‘సెక్షన్’ అంటేనే వెంటనే తెలుస్తుంది. ఆర్తికొలో లోపల అంకె వేసిన పేరా పేరు ‘కొమ్మ’. దాన్ని ఇంగ్లీషు ‘కామా’ అనుకుని విరామచిహ్నంగా పొరబడిన అనువాదం నా చేతికి వచ్చింది. విరామచిహ్నాన్ని ఇటాలియన్‌లో ‘వీర్గోలా’ అంటారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 244వ ఆర్తికొలోలో సాక్ష్యానికి సంబంధించి ఒక నియమముంది. ఏ వాస్తవాల మీద సాక్షిని ప్రశ్నించదలచారో వాటిని విడివిడి ఆర్తికొలీలుగా రాసి కోర్టుకు ఇవ్వాలి. కథ మొత్తం ఒక ముద్దగా చెప్పి సాక్షితో అవుననిపించడానికి వీల్లేదు. తాలవ్య గారు చెప్పిన రంగస్థల గురువు హెచ్చరిక, ఈ నియమం ఒకే కోవకు చెందినవి.

చదువుల విషయంలో జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే మన పిల్లలు ధ్రువపత్రాలు అనువదింపజేసుకుంటారు. 2010 సంస్కరణ తర్వాత ఇటలీ సాంకేతిక పాఠశాలల్లో ‘ఇందిరిత్సో’ అనే శాఖ కింద ‘ఆర్తికొలాత్సియోని’ ఏర్పడ్డాయి. ఉదాహరణకు ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రోటెక్నిక్స్ శాఖలో మొదటి రెండేళ్ళూ అందరికీ ఒకటే. మూడో ఏడు నుంచి ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రోటెక్నిక్స్, ఆటోమేషన్ అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. పాలిటెక్నిక్ భాషలో ఇందిరిత్సోను బ్రాంచి అని, ఆర్తికొలాత్సియోనెను ఉపశాఖ అని రాస్తే సరిపోతుంది. దీన్ని ‘ఉచ్చారణ’గానో ‘కీలు’గానో అనువదించిన ధ్రువపత్రాన్ని ఏ కార్యాలయమూ అంగీకరించదు, నష్టపోయేది విద్యార్థి.

ఉద్యోగ ఒప్పందాల్లో పనివేళల ‘ఆర్తికొలాత్సియోనె’ అంటే ఏ రోజు ఏ వేళకు ఎవరు రావాలన్న ఏర్పాటు. ‘షోపెరో ఆర్తికొలాతో’ అంటే ఒక్కసారిగా కాకుండా విభాగాల వారీగా, వేళల వారీగా సాగే సమ్మె. 1969 శరత్తులో ఉత్తర ఇటలీ కర్మాగారాలు ఇలాంటి సమ్మెలు ఎన్నో చూశాయి. ‘విడతలవారీ సమ్మె’ అంటే మనకు వెంటనే తెలుస్తుంది.

వాయులీనం

సంగీతంలో ‘ఆర్తికొలాత్సియోనె’ అంటే ఒక స్వరం నుంచి తర్వాతి స్వరానికి ఎలా వెళుతున్నామన్నది. ‘లెగాతో’ అంటే కట్టినది, ‘స్తక్కాతో’ అంటే విడదీసినది. వయొలిన్ మీద ఒకే కమాను లాగులో నాలుగు స్వరాలు పలికించడం మొదటిది, ఒక్కొక్కదాన్నీ కత్తిరించినట్టు పలికించడం రెండోది. కలపడం, విడదీయడం రెండూ ఆ ఒక్క మాట కిందకే వస్తాయి. సంధి అంటే కలయిక మాత్రమే, ఉచ్చారణ అంటే నోటి పని మాత్రమే కనుక ఇక్కడ రెండూ చాలవు. ‘స్వరాల పలికింపు’ అని నేను నా శిష్యులకు చెబుతాను.

తాలవ్య

వాయులీనం గారు అసలు చిక్కును పట్టుకున్నారు. భాషాశాస్త్రంలో ఒక ప్రసిద్ధ భావన దగ్గర ఇదే చిక్కు వస్తుంది. అనువాదకులు అక్కడ తరచూ జారుతుంటారు కనుక కాస్త వివరంగా రాస్తాను.

స్విస్ భాషాశాస్త్రవేత్త ఫెర్దినాఁ ద సొస్యూర్ పాఠాలు ఆయన మరణానంతరం 1916లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన లాటిన్ ‘ఆర్తికులుస్’ అర్థాన్ని గుర్తుచేస్తాడు: అవయవం, భాగం, వరుసలో వచ్చే వస్తువుల ఉపవిభాగం. మాటల ప్రవాహాన్ని అక్షరాలుగా విడదీయడం ఒక విభజన, అర్థాల ప్రవాహాన్ని అర్థవంతమైన ముక్కలుగా విడదీయడం మరొక విభజన. మనిషికి సహజమైనది నోటితో పలకడం కాదు, వేర్వేరు భావాలకు వేర్వేరు గుర్తులున్న వ్యవస్థను నిర్మించుకోగల శక్తి అని ఆయన వాదన. తర్వాత ఫ్రెంచ్ భాషాశాస్త్రవేత్త ఆంద్రె మార్తినె 1960లో వెలువడిన తన గ్రంథంలో ఈ రెండింటినీ ఒక సిద్ధాంతంగా నిలిపాడు. ఇటాలియన్ విశ్వవిద్యాలయాల్లో దాన్ని ‘దోప్పియా ఆర్తికొలాత్సియోనె’ అని బోధిస్తారు; ‘దోప్పియా’ అంటే జంట.

తెలుగులో చూద్దాం. ‘చెట్లకు’ అన్న రూపాన్ని మొదట అర్థమున్న ముక్కలుగా విడదీయవచ్చు: చెట్టు, బహువచనం, ‘కు’. ఇది మొదటి విభజన. ఆ ‘కు’ను మళ్ళీ కకారం, ఉకారం అని విడదీస్తే వాటిలో దేనికీ సొంత అర్థం లేదు, అవి ఒక రూపాన్ని మరో రూపం నుంచి వేరుచేస్తాయి అంతే. ఇది రెండో విభజన. కొన్ని పదుల ధ్వనులతో వేల మాటలు, వేల మాటలతో అంతులేనన్ని వాక్యాలు సాధ్యమవుతున్నది ఈ రెండు అంచెల వల్లనే. ఇందులో నోటికి సంబంధించినది ఏమీ లేదు. చేతులతో మాట్లాడే సంజ్ఞా భాషల్లోనూ చేతి ఆకారం, చోటు, కదలిక అనే అర్థరహిత అంశాలు కలిసి అర్థమున్న సంజ్ఞ అవుతుంది. కాబట్టి దీన్ని ‘ద్వంద్వ ఉచ్చారణ’ అని రాస్తే సిద్ధాంతం తలకిందులవుతుంది. ‘రెండంచెల విభజన’ అంటే సరి.

పర్వపాఠి

తాలవ్య గారి అభ్యంతరంలో బలముంది. ధ్వనుల విషయంలో ‘సంధి’ని పట్టుకు వేలాడను. అయితే విడదీస్తూనే కలిపి ఉంచే ఆ భావానికి మన దగ్గర మాట లేదని మాత్రం ఒప్పుకోలేను. ‘పర్వం’ ఉంది.

సంస్కృతంలో పర్వమంటే కణుపు, వేలి కీలు, గ్రంథభాగం, పక్షం మారే దినం. చెరకు గడను చేతిలోకి తీసుకుని చూడండి. కణుపు ఉన్న చోట గడ ఒక ముక్క ముగిసి మరో ముక్క మొదలవుతుంది, కాని గడ తెగదు. ఆ చోటే అన్నిటికంటే గట్టిది. కన్ను మొలిచేదీ అక్కడే కనుక రైతు మూడు కళ్ళ ముచ్చెలు కోసి నాటుతాడు. అదే పోలికతో మహాభారతం 18 పర్వాలయింది, అమావాస్య, పూర్ణిమ పర్వదినాలయ్యాయి. జపం చేసేవారు బొటనవేలిని కణుపు నుంచి కణుపుకు జరుపుతూ లెక్కపెడతారు. శరీరపు కీలు, లెక్కలోని భాగం అక్కడ ఒకే చోట ఉన్నాయి. లాటిన్ ‘ఆర్తికులుస్’ కూడా చెట్టు కణుపుకూ వేలి కణుపుకూ గ్రంథంలోని భాగానికీ వాడిన మాటే.

మోకాలిని ‘పర్వం’ అనమని నేను అడగడం లేదు. మొదటి పుటలోని శీర్షికకు మాత్రం ఈ మాటను పరిశీలించండి.

శల్యవైద్య

క్షమించాలి, రోగి చేతికి వెళ్ళే పుస్తకంలో ‘చికిత్సా పర్వాలు’ అని చదివితే అది కావ్యంలా ఉంటుంది. ఇక ఇటీవల ‘పర్వం’ వార్తల్లో దేనికి వాడుతున్నారో చూడండి: నామినేషన్ల పర్వం, విమర్శల పర్వం. మన రోగికి కావలసింది, ఈ వారం ఏం చేయాలి, వచ్చే వారం ఏం చేయాలి అన్నది. ‘దశలు’ అనండి.

న్యాయపథం

‘దశలు’ బాగుంది, అయితే ఒక చిన్న తేడా. దశలు అంటే ఒకటి ముగిశాక మరొకటి అనే వరుస మాత్రమే తెలుస్తుంది. ‘ఆర్తికొలాత్సియోనె’లో ఏకకాలంలో నడిచే భాగాలూ ఉండవచ్చు: ఉదయం కాలికి వ్యాయామం, సాయంత్రం మాట సాధన. శీర్షిక కింద ఉన్న పట్టిక చూసి నిర్ణయించుకోండి. వరుస అయితే ‘దశలు’, పక్కపక్కన నడిచేవైతే ‘విభాగాలు’, రెండూ కలిసి ఉంటే ‘చికిత్స అమరిక’.

పదసేతువు

అందరికీ కృతజ్ఞతలు. పట్టికను మళ్ళీ చూశాను; న్యాయపథం గారు ఊహించినట్టే అందులో రెండూ ఉన్నాయి. మొదటి రెండు వారాలు కాలి కదలికలు మాత్రమే. మూడో వారం నుంచి నడక, అవసరమైనవారికి దానితో పాటే మాట సాధన.

నా నిర్ణయం ఇది. శరీరానికీ, ఊతకర్రలకూ, కృత్రిమ కాలికీ అంతటా ‘కీలు’. మాట సాధనలో ‘ఉచ్చారణ’. వైద్యుల పేరు ‘దిజార్త్రీయా’ను తెలుగు లిపిలో ఇచ్చి, పక్కన ‘మాట ముద్దగా రావడం’ అని వివరిస్తాను, మనిషికి అన్నీ అర్థమవుతాయన్న వాక్యాన్ని విడిగా గడి కట్టి వేయిస్తాను. సాధన పదాల జాబితాను తాలవ్య గారు చెప్పినట్టు తెలుగు పదాలతో కొత్తగా రాస్తాను. ఒకసారి చూసిపెట్టమని ఆయన్ను ఇక్కడే కోరుతున్నాను. ‘సంధి’, ‘పర్వం’ ఈ పుస్తకంలోకి రావడం లేదు. అయితే అనువాదకుల కోసం విడిగా రాసుకుంటున్న పదకోశంలో పర్వపాఠి గారి వివరణకు చోటు ఉంటుంది.

ఇటాలియన్ శీర్షికలో పదానికి పదం ‘పునరావాస మార్గపు ఆర్తికొలాత్సియోనె’ అని ఉంది. తెలుగులో శీర్షికను ‘మీ చికిత్స ఎలా సాగుతుంది’ అని పెట్టి, కింద మొదటి వాక్యాన్ని ఇలా రాశాను: ‘మొదటి రెండు వారాలు మోకాలి కీలు వంచి చాచే వ్యాయామాలు మాత్రమే చేయిస్తాం, మూడో వారం నుంచి నడక మొదలవుతుంది, మాట స్పష్టంగా రానివారికి అదే రోజుల్లో ఉచ్చారణ సాధన కూడా ఉంటుంది.’

తాలవ్య

జాబితా పంపండి, చూస్తాను. మొదట ప, బ, మ లతో మొదలయ్యే చిన్న మాటలు పెట్టండి. పెదవుల కదలిక అద్దంలో కనబడుతుంది కనుక రోగి తనను తాను సరిచూసుకోవచ్చు. త, ద లు తర్వాత. ళ, ణ లను చివరికి ఉంచండి.